దొంగ జాడ సర్వర్‌లోనే ఉంటుంది: మైన్‌క్రాఫ్ట్ సర్వైవల్‌లో రూల్స్ ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ జారిపోతాయి

బ్లాక్‌లు తవ్వి, కట్టుకుని ఆడే మైన్‌క్రాఫ్ట్ ఆట కంప్యూటర్ వెర్షన్ జావా ఎడిషన్‌లో నాలుగు కవచం ముక్కలు, ఒక కత్తి, ఒక పికాక్స్ వజ్రంతో చేసుకోవడానికి 29 వజ్రాలు పడతాయి. ఆ ఆరింటినీ వజ్రం కంటే గట్టిదైన నెదరైట్‌కు మార్చాలంటే ఆరు నెదరైట్ ఇంగాట్‌లు (కడ్డీలు) కావాలి. ఒక్కో ఇంగాట్‌కు నాలుగు స్క్రాప్‌లు, నాలుగు బంగారు ఇంగాట్‌లు. ఒక్కో స్క్రాప్‌కు ఒక ఏన్షియంట్ డెబ్రీ అనే ఖనిజం కరిగించాలి. అంటే ఆటలోని పాతాళలోకం నెదర్‌లో 24 డెబ్రీ వెతికి తవ్వాలి. 2023 జూన్‌లో వచ్చిన 1.20 వెర్షన్ నుంచి ఒక్కో వస్తువుకు ఒక అప్‌గ్రేడ్ టెంప్లేట్ కూడా ఖర్చవుతోంది. దొరికిన ఒక్క టెంప్లేట్‌ను ఆరు చేసుకోవాలంటే ఐదుసార్లు నకలు తీయాలి. నకలుకు ఏడు చొప్పున ఇంకో 35 వజ్రాలు. మొత్తం 64, సరిగ్గా ఒక స్టాక్, అంటే ఒక గడిలో పట్టినన్ని.

ఇన్ని గంటల కష్టం చెస్ట్‌లో ఆరు గళ్లలో ఇమిడిపోతుంది. దాన్ని ఎత్తుకుపోవడానికి షిఫ్ట్ నొక్కి ఆరు క్లిక్‌లు చాలు. సర్వైవల్ సర్వర్‌లో, అంటే ప్రతి వస్తువునూ కష్టపడి సంపాదించుకుంటూ నలుగురూ కలిసి ఆడే చోట, రూల్స్ అన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి. కూడబెట్టడానికి పట్టే సమయానికి, పోగొట్టడానికి పట్టే సమయానికి పొంతన ఉండదు. పది మంది స్నేహితుల సర్వర్ రెండో నెలలోనే ఖాళీ అయిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఎవరి గంటల కష్టాన్నో ఎవరో తినేశారు, ఎవరన్నది తేలలేదు, అందరూ అందరినీ అనుమానించడం మొదలుపెట్టారు.

చాలా సర్వర్లలో రూల్స్ బోర్డు ఒకేలా ఉంటుంది. గ్రీఫింగ్ (ఇతరుల కట్టడాలు పాడుచేయడం) వద్దు, దొంగతనం వద్దు, హ్యాకులు వద్దు, మర్యాదగా ఉండండి. ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు, పనికొచ్చే మాట కూడా దాదాపు లేదు. పనికొచ్చే రూల్‌కు ఒకే పరీక్ష ఉంది. దాన్ని ఎవరైనా మీరితే, మీరారని మూడో మనిషికి చూపించగల జాడ సర్వర్‌లో మిగులుతుందా? మిగిలితే అది రూల్. మిగలకపోతే అది గొడవకు ముహూర్తం. అందుకే రూల్స్ రాసేముందు జాడ పట్టే ఏర్పాటు చూసుకోవాలి.

ముందు లాగ్, తర్వాతే రూల్

పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద నడిపేవారికి ఈ పనికి బాగా అలవాటైన ప్లగిన్ (సర్వర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రామ్) కోర్‌ప్రొటెక్ట్. ఎవరు ఏ బ్లాక్ పెట్టారు, పగలగొట్టారు, ఏ చెస్ట్‌లోంచి ఏం తీశారు, ఎప్పుడు లాగిన్ అయ్యారు అన్నీ డేటాబేస్‌లో రాసుకుంటుంది. ఒక్కటే షరతు, అది పెట్టిన రోజు నుంచే రాస్తుంది. దొంగతనం జరిగాక ఇన్‌స్టాల్ చేస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. కాబట్టి ప్రపంచం మొదలుపెట్టే రోజునే ఉండాలి. డేటాబేస్ పెరిగిపోతోందని పాత రికార్డులు తుడిచేవారు కనీసం 30 రోజులవి ఉంచుకోవాలి. పరీక్షల కోసం మూడు వారాలు ఆట మానేసి వచ్చిన కుర్రాడు తన చెస్ట్ ఖాళీగా ఉందని చెప్పేది అప్పుడే.

ఒక ఫిర్యాదును దగ్గర నుంచి చూద్దాం. రాత్రి పది గంటలకు ఒకరు తమ నెదరైట్ పికాక్స్ పోయిందన్నారు. మొదటి పని, ఆ చెస్ట్ దగ్గరికి గుంపుగా వెళ్లకుండా ఆపడం. ఒక్కొక్కరూ తెరిచి వస్తువులు అటూ ఇటూ జరిపితే లాగ్‌లో అనవసరమైన వరుసలు చేరతాయి. అడ్మిన్ కోర్‌ప్రొటెక్ట్ ఇన్‌స్పెక్ట్ మోడ్ పెట్టుకుని చెస్ట్ మీద రైట్ క్లిక్ చేస్తే ఎవరు ఎన్ని గంటల క్రితం ఏం తీశారో, ఏం పెట్టారో వరుసగా కనిపిస్తుంది. పేరు దొరికితే సగం పని అయినట్టే. మిగతా సగం, అదే ఆటగాడి పేరుతో లుకప్ చేసి ఆ గంటలో ఇంకెన్ని చెస్ట్‌లు తెరిచాడో చూడడం. ఒకే చెస్ట్‌లోంచి ఒకే వస్తువు తీసి అక్కడే వేరే చెస్ట్‌లో పెడితే అది ఉమ్మడి గిడ్డంగి అనుకున్న పొరపాటు కావచ్చు. నాలుగు బేస్‌లలో నాలుగు చెస్ట్‌లు పది నిమిషాల్లో తెరిస్తే అది పొరపాటు కాదు.

పేరు బదులు హాప్పర్ (వస్తువులను లాక్కునే గరాటు లాంటి బ్లాక్) అని కనిపిస్తే కథ కాస్త ముదిరినట్టు. ఎవరో చెస్ట్ కింద హాప్పర్ పెట్టి వస్తువులను కిందికి లాగారు. హాప్పర్ ఎనిమిది టిక్‌లకు (టిక్ అంటే సెకనులో ఇరవయ్యో వంతు) ఒక వస్తువు చొప్పున, అంటే సెకనుకు రెండున్నర, లాగుతుంది. నిండు చెస్ట్ అయినా గంటలోపే ఖాళీ. తెలివైనవాడు పని అయ్యాక హాప్పర్ తీసేసి రాయి పెట్టి పోతాడు. కానీ ఇన్‌స్పెక్ట్ మోడ్‌లో ఆ చోటునే అడిగితే అక్కడ ముందు ఏముండేదో, ఎవరు పెట్టారో, ఎవరు తీశారో చెబుతుంది. ఖాళీ చోటులో ఏదైనా బ్లాక్ పెట్టబోయినా చాలు, ఆ చోటు చరిత్ర బయటపడుతుంది. చాలామంది కొత్త అడ్మిన్లకు ఈ సంగతి తెలియక 'హాప్పర్ అని వచ్చింది, ఎవరో తెలియదు' అని కేసు మూసేస్తారు.

ఇక రోల్‌బ్యాక్, అంటే జరిగిన మార్పును వెనక్కి తిప్పడం. ఇక్కడ జరిగే తప్పు అడ్మిన్ చేతుల మీదుగానే జరుగుతుంది. కంటైనర్ రోల్‌బ్యాక్ చేస్తే పికాక్స్ తిరిగి చెస్ట్‌లోకి వస్తుంది. దొంగ సంచిలో ఉన్న పికాక్స్ అక్కడే ఉంటుంది. ఇప్పుడు రెండయ్యాయి. దొంగతనం సరిదిద్దబోయి అడ్మినే డూప్ (దొంగ నకలు) చేశాడన్నమాట. కాబట్టి దొంగ ఇన్వెంటరీ నుంచి, ఎండర్ చెస్ట్ (అతని సామాను అతనికే కనిపించే పెట్టె) నుంచి ఆ వస్తువు తీసేయడం రోల్‌బ్యాక్‌లో భాగం. అది కుదరనప్పుడు రోల్‌బ్యాక్ మానేసి వస్తువును చేతితో తీసి ఇప్పించడమే మేలు. బ్లాక్‌ల విషయంలోనైతే ముందు ప్రివ్యూ చూసి, వ్యాసార్థం చిన్నది పెట్టి, ఆటగాడి పేరు తప్పనిసరిగా ఇచ్చి నడపాలి. పేరు లేకుండా కాలం, వ్యాసార్థం మాత్రమే ఇస్తే పక్కింటివాడు ఆ సాయంత్రం కట్టిన గోడ కూడా ఎగిరిపోతుంది.

కంచె వేయాలా, నమ్మకం మీద నడపాలా

స్థలాన్ని ఒకరి పేరున రాసి వేరేవారు ముట్టకుండా కాపాడే గ్రీఫ్‌ప్రివెన్షన్ లాంటి క్లెయిమ్ ప్లగిన్లు దొంగతనాన్ని ముందే ఆపుతాయి. కొత్త ఆటగాడు మొదటి చెస్ట్ పెట్టగానే దాని చుట్టూ 9 బై 9 స్థలం తనంతట తానే క్లెయిమ్ అవుతుంది. మామూలు సెట్టింగ్‌లో ప్రతి ఆటగాడికీ మొదట 100 క్లెయిమ్ బ్లాక్‌లు, ఆడిన ప్రతి గంటకు మరో 100. బంగారు పారతో మూలలు గుర్తిస్తే హద్దు పడుతుంది. స్నేహితుడికి పూర్తి హక్కు ఇవ్వాలా, చెస్ట్‌లు తెరిచే హక్కు మాత్రమే ఇవ్వాలా, తలుపులూ మీటలూ వాడే హక్కు చాలా అన్నది మూడు రకాల ట్రస్ట్‌తో తేల్చుకోవచ్చు.

అందరికీ తెరిచిన సర్వర్‌కు క్లెయిమ్‌లు లేకుండా కుదరదు. పదిహేను మంది తెలిసినవాళ్ల వైట్‌లిస్ట్ (జాబితాలో ఉన్నవారికే ప్రవేశం) సర్వర్‌లో మాత్రం అవి ఆటలో ఉప్పు తీసేస్తాయి. తలుపు తట్టి లోపలికి వచ్చి బ్రెడ్ అడిగే సౌకర్యం కూడా పోతుంది. అక్కడ లాగ్, బ్యాకప్ చాలు. క్లెయిమ్‌లు వాడేవారు హద్దుల దగ్గర జరిగే ఆటను మాత్రం రూల్స్‌లో రాయాలి. ఎదుటివాడి క్లెయిమ్ చుట్టూ నాలుగు వైపులా సన్నటి పట్టీలు క్లెయిమ్ చేసి అతన్ని ఊపిరాడకుండా చేయడం ప్లగిన్ దృష్టిలో తప్పు కాదు. పొలం గట్ల తగాదా తెలిసిన మనకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. వేరేవారి క్లెయిమ్‌కు 32 బ్లాక్‌ల లోపు అడగకుండా క్లెయిమ్ చేయరాదు అని అంకె వేసి రాస్తే కొలిచి తేల్చవచ్చు.

నెదర్‌కూ పైప్రపంచానికీ మధ్య ద్వారాలైన పోర్టళ్ల గొడవ ఇంకోటి. ఇది చాలాసార్లు ఎవరి తప్పూ కాదు. నెదర్‌లో ఒక బ్లాక్ నడిస్తే పైప్రపంచంలో ఎనిమిది బ్లాక్‌లు. నెదర్ నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆట 128 బ్లాక్‌ల దూరం వరకు ఉన్న పోర్టల్ కోసం వెతుకుతుంది. నెదర్ వైపు 16. కాబట్టి దగ్గర్లోని ఇద్దరు పోర్టళ్లు పెడితే ఒకరు వెళ్లి ఇంకొకరి పడకగదిలో తేలడం సహజం. 'నా పోర్టల్ హ్యాక్ చేశాడు' అన్న ఫిర్యాదు వస్తే ముందు లెక్క చూడాలి. పైన పోర్టల్ ఉన్న ఎక్స్, జెడ్ అంకెలను ఎనిమిదితో భాగించి నెదర్‌లో సరిగ్గా ఆ చోట పోర్టల్ కట్టించాలి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

ఎక్స్‌రే: జాడ చదవడం

హ్యాకుల్లో సర్వైవల్‌ను ఎక్కువగా చెడగొట్టేది ఎక్స్‌రేనే. రాయి కనిపించకుండా ఖనిజాలు మాత్రమే కనిపించే క్లయింట్ (ఆటగాడి కంప్యూటర్‌లో నడిచే ఆట ప్రోగ్రామ్) లేదా టెక్స్చర్ ప్యాక్. ఇది పనిచేయడానికి కారణం సర్వర్ చేసే పనిలోనే ఉంది. సర్వర్ చంక్‌ను, అంటే ప్రపంచంలో ఒక ముక్కను, పంపేటప్పుడు భూమిలోపల ఏముందో మొత్తం పంపేస్తుంది. ఆటగాడి కంప్యూటర్ దగ్గరికి చేరిన సమాచారాన్ని అతను చూడకుండా ఆపలేం. దొంగకు తాళం చెవి ఇచ్చి ఇంట్లోకి రావద్దని చెప్పినట్టు.

పేపర్‌లోనే యాంటీ ఎక్స్‌రే ఉంది, మనం ఆన్ చేసుకోవాలి. ఒకటో మోడ్‌లో గాలికి తగలని ఖనిజాలను రాయిలా మార్చి పంపుతుంది. రెండో మోడ్‌లో ఎక్కడ చూసినా నకిలీ ఖనిజాలు నింపి పంపుతుంది. రెండోది ఎక్స్‌రేను దాదాపు నిరర్థకం చేస్తుంది గానీ, డేటా సరిగా కుదించబడక నెట్‌వర్క్ భారం పెరుగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవారున్న సర్వర్‌లో ఇది చిన్న విషయం కాదు. ఒకటో మోడ్‌లో ఉన్న లోపం, గుహ గోడల్లో బయటికి కనిపించే వజ్రాలు దూరం నుంచి కూడా కనబడతాయి. అయితే 1.18 తర్వాత వజ్రాలు గాలి తగిలే చోట పుట్టడాన్ని ఆటే తగ్గించింది. ఏన్షియంట్ డెబ్రీ అసలు గాలి తగిలే చోట పుట్టదు. కాబట్టి నెదర్‌లో ఒకటో మోడ్ చాలు. కానీ నెదర్ ప్రపంచానికి సెట్టింగ్ విడిగా రాయాలి, దాచే బ్లాక్‌ల జాబితాలో ఏన్షియంట్ డెబ్రీ ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. పైప్రపంచానికి తాళం వేసి నెదర్ తలుపు తెరిచిపెట్టిన సర్వర్లు ఎన్నో.

సీడ్, అంటే ప్రపంచం ఏ అంకె నుంచి పుడుతుందో అది, బయటపడితే ఇవేవీ పనిచేయవు. సీడ్ తెలిసినవాడు అదే ప్రపంచాన్ని తన కంప్యూటర్‌లో పుట్టించి, వజ్రాలు ఎక్కడున్నాయో అక్కడ చూసుకుని ఇక్కడికి వచ్చి నేరుగా తవ్వుకుంటాడు. అతని క్లయింట్‌లో హ్యాక్ అంటూ ఏమీ ఉండదు. అందుకే ఖనిజాలకు వేరే యాదృచ్ఛిక సీడ్ వాడే పేపర్ సెట్టింగ్‌ను ప్రపంచం పుట్టకముందే పెట్టాలి. చంక్‌లు తయారయ్యాక పెడితే పాత చంక్‌లకు వర్తించదు.

ఇవన్నీ దాటి అనుమానం వస్తే తవ్విన జాడ చదవాలి. కోర్‌ప్రొటెక్ట్‌లో ఆ ఆటగాడు పగలగొట్టిన వజ్రపు రాళ్ల జాబితా తీసి, ప్రతి చోటికీ స్పెక్టేటర్ మోడ్‌లో (గోడల గుండా తిరిగి చూడగల మోడ్) వెళ్లి సొరంగం ఆకారం చూడాలి. నిజాయితీగా తవ్వేవాడు వై (ఎత్తు తెలిపే అంకె) మైనస్ 59 దగ్గర దిగి, మధ్య రెండు బ్లాక్‌లు వదిలి సమాంతరంగా కొమ్మలు తవ్వుకుంటూ పోతాడు. అతని సొరంగాల్లో చాలావరకు ఏమీ దొరకదు. అవి అలా ఖాళీగా ముగుస్తాయి. ఎక్స్‌రే వాడేవాడి సొరంగాలకు ఖాళీ చివరలు ఉండవు. ప్రతి మలుపూ ఒక వజ్రాల గుత్తి దగ్గర ఆగుతుంది. కిందికీ పైకీ కూడా కారణం లేకుండా వంగుతుంది. పక్కనే రెండు బ్లాక్‌ల దూరంలో బొగ్గు, ఇనుము ఉన్నా ముట్టుకోడు. ఒక్క గుత్తి చూసి తీర్పు చెప్పకూడదు. అదృష్టం ఒకసారి, రెండుసార్లు ఉంటుంది. వరుసగా పది గుత్తులు, పదింటికీ నేరుగా దారి, ఒక్క ఖాళీ కొమ్మ లేదు అంటే అది అదృష్టం కాదు.

లెక్కల్లో మోసపోయే చోటు ఒకటుంది. సిల్క్ టచ్ (రాయిని రాయిగానే తీసే మాయ) ఉన్న పికాక్స్‌తో తవ్వి, వజ్రపు రాయిని రాయిగానే ఇంటికి తెచ్చుకుని, ఫార్చూన్ 3 (ఎక్కువ వజ్రాలు రాల్చే మాయ) పికాక్స్ దొరికాక ఒక్కసారిగా పగలగొట్టుకోవడం పాత అలవాటు. అలాంటి ఆటగాడి పేరు మీద ఒకే నిమిషంలో 40 వజ్రపు రాళ్లు పగిలినట్టు లాగ్ చూపిస్తుంది. చూడాల్సింది వై అంకె. వై 70 దగ్గర, అతని ఇంట్లో పగిలితే అతను దాచుకున్న సొమ్ము అది. అదే చోట అవే రాళ్లు పెట్టిన రికార్డు కూడా ఉంటుంది. ఈ ఒక్క విషయం చూడక నిజాయితీపరులను బ్యాన్ చేసిన సర్వర్లు తక్కువేం కాదు.

ఆటగాళ్లు తమ ఆటకు తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్‌లైన మోడ్‌ల (mods) విషయంలో 'అన్యాయమైన మోడ్‌లు వద్దు' అని రాయడం కంటే పేర్లతో జాబితా పెట్టడం నయం. సోడియం, ఐరిస్ లాంటివి ఎఫ్‌పీఎస్ (తెర మీద బొమ్మ కదిలే వేగం) కోసం. వీటితో పేచీ లేదు. లైట్‌మాటికా కట్టడం నమూనాను నీడలా చూపిస్తుంది, సరే. దానికి ప్రింటర్ తగిలించి బ్లాక్‌లు తనంతట తానే పెట్టించుకుంటే, అది వేరే సంగతి. కెమెరాను ఒంటి నుంచి విడదీసి తిప్పే ఫ్రీక్యామ్ ఎక్స్‌రేకు తమ్ముడు. మినీమ్యాప్‌లలో గుహలు చూపించే మోడ్, చుట్టుపక్కల ఆటగాళ్లను చూపించే రాడార్ అసలు సమస్య. జేరో మినీమ్యాప్‌కు ఈ రెండూ లేని ఫెయిర్ ప్లే వెర్షన్ విడిగా ఉంది. పైగా ఆటగాడు లోపలికి రాగానే సర్వర్ పంపే ఒక కనిపించని కోడ్ సందేశంతో మామూలు వెర్షన్‌లో కూడా వాటిని ఆపించవచ్చు. నిషేధించి కాపలా కాయడం కంటే ఇది తేలిక.

ల్యాగ్ కూడా దొంగతనమే

సర్వర్ సెకనుకు 20 టిక్‌లు నడవాలి. ఒక్కో టిక్‌కు 50 మిల్లీసెకన్లు. పని అంతకు మించితే టీపీఎస్ (సెకనుకు నడిచే టిక్‌ల సంఖ్య) పడిపోతుంది. 10కి పడితే ఇరవై నిమిషాల్లో ముగియాల్సిన ఆటరోజు నలభై నిమిషాలు సాగుతుంది, పంట సగం వేగంతో పెరుగుతుంది, కొలిమి సగం వేగంతో కరిగిస్తుంది. ఒకడి ఫామ్ అందరి గంటలనూ సగం చేసిందన్నమాట. ఇది చెస్ట్ దొంగతనం కంటే పెద్దది. కానీ బాధితులు అందరూ కావడంతో ఎవరూ ఫిర్యాదు చేయరు.

'ల్యాగ్ మెషిన్లు వద్దు' అన్న రూల్ ఇక్కడ పనిచేయదు. ఎవరూ ల్యాగ్ మెషిన్ అనుకుని కట్టరు, ఇనుము ఫామ్ అనుకునే కడతారు. అంకెలు కావాలి. చిన్న హోస్టింగ్ ప్లాన్ మీద నడిచే సర్వర్‌కు బేస్‌కు 30 మంది విలేజర్లు, ఒక దొడ్డిలో 40 పశువులు, యజమాని వెళ్లిపోయాక ఆగిపోయే రెడ్‌స్టోన్ క్లాక్ (పదేపదే సంకేతాలిచ్చే సర్క్యూట్) అన్నవి మొదలుపెట్టడానికి సరిపోయే హద్దులు. తర్వాత భారం ఎక్కడుందో చూపే స్పార్క్ ప్రొఫైలర్ నివేదిక చూసి పెంచడమో తగ్గించడమో చేయాలి. ఒకే బ్లాక్‌లో 24 కంటే ఎక్కువ జీవులు కుక్కితే ఊపిరాడక చనిపోయే రూల్ ఆటలోనే ఉంది, దాన్ని ఎత్తేయకూడదు. హాప్పర్ల వరుసలకు ఒక చిన్న చిట్కా. పైన ఏ కంటైనరూ లేని హాప్పర్ పడిపోయిన వస్తువుల కోసం మాటిమాటికీ వెతుకుతూ ఉంటుంది. దాని మీద ఒక కంపోస్టర్ పెడితే ఆ వెతుకులాట ఆగిపోతుంది. రెండు వందల హాప్పర్ల గిడ్డంగి ఉన్నవాడికి కూల్చమని చెప్పే బదులు ఇది చెబితే సగం గొడవ తగ్గుతుంది.

డూప్‌ల మాట. పేలుడు బ్లాక్‌లకు నకళ్లు తీసే టీఎన్‌టీ డూపర్‌ను డూప్‌గా లెక్కించాలా వద్దా అన్నది ఈ రంగంలో తెగని వాదం. పెద్ద గనులు, చెట్ల ఫామ్‌లు దాని మీదే ఆధారపడతాయి కాబట్టి టెక్నికల్ ఆటగాళ్లు అది ఆటలో భాగమే అంటారు. పేపర్ మాత్రం పిస్టన్ డూప్‌లను మామూలుగా ఆపేస్తుంది. సెట్టింగ్ మార్చి తెరవవచ్చు గానీ అదే మీటకు కార్పెట్, పట్టాల డూప్‌లు కూడా కట్టి ఉన్నాయి. కార్పెట్లు కొలిమిలో మండుతాయి. అంటే అంతులేని ఉచిత ఇంధనం. పట్టాలంటే బంగారం, ఇనుము అమ్మకానికి పెట్టిన దుకాణాలకు దెబ్బ. టీఎన్‌టీ కోసం తలుపు తీస్తే వెనకాలే ఎవరెవరు వస్తారో చూసుకుని తీయాలి. వజ్రాలు, షల్కర్ పెట్టెలు నకలు తీసే డూప్‌ల విషయంలో రెండో మాట లేదు. కనిపెట్టినవాడు రెండుసార్లు పరీక్షించి అడ్మిన్‌కు చెబితే బహుమతి, ఇరవైసార్లు వాడి చెబితే శిక్ష అని ముందే రాసిపెట్టడం మంచిది. ఆ గీత లేకపోతే ఎవరూ చెప్పరు.

నిద్ర విషయం చిన్నదే గానీ రోజూ జరిగే తగాదా. మామూలుగా అందరూ పడుకోవాలి కాబట్టి ఒకరు ఏఎఫ్‌కేలో (ఆట తెరిచి ఉంచి పక్కకు వెళ్లి) నిలబడితే రాత్రి గడవదు. 1.17లో వచ్చిన నిద్ర శాతం గేమ్‌రూల్‌ను 100 నుంచి 30కి దించితే ఆ తగాదా రూల్ అవసరం లేకుండానే పోతుంది. ఇలా కోడ్ చేయగల పనికి రూల్ రాయడం దండగ. 2020లో 1.16తో ఆట తయారీ సంస్థ మోజాంగ్ చేసిందీ అదే. ఏఎఫ్‌కే చేపల ఫామ్‌లతో మాయ పుస్తకాలు కుప్పలుగా వస్తున్నాయని, గాలం చుట్టూ 5 బై 5 వెడల్పున, 4 ఎత్తున అడ్డు లేని నీటి చోటు ఉంటేనే విలువైన వస్తువులు పడేలా మార్చింది.

ఎండ్ ఎవరిది

ఎండ్ అంటే డ్రాగన్ ఉండే లోకం. అందరూ మరిచిపోయే అన్యాయం ఇది. డ్రాగన్ గుడ్డు ప్రపంచానికి ఒక్కటే. మొదటి డ్రాగన్ చనిపోతే 12,000 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), తర్వాత ఎన్నిసార్లు చంపినా 500. ఎగరడానికి తొడుక్కునే రెక్కలు ఎలైట్రా ఒక్కో ఎండ్ షిప్ (ఓడ)కు ఒక్కటే. సెలవుల్లో రాత్రంతా మేలుకున్న ఇద్దరు మొదటి వారంలోనే దగ్గరి ఓడలన్నీ ఊడ్చేస్తే, ఉద్యోగం చేసుకుంటూ వారాంతంలో వచ్చేవారు పది వేల బ్లాక్‌లు నడవాలి. వాళ్లు ఏ రూల్‌నూ మీరలేదు, అయినా ఆట ఒరిగిపోయింది. తేదీ, సమయం ముందే చెప్పి ఎండ్ పోర్టల్‌ను అందరూ కలిసి తెరవడం, మొదటి రెండు వారాలు మనిషికి ఒకే ఎలైట్రా, ఆ తర్వాత నోటీసు ఇచ్చి నడి ద్వీపం తప్ప బయటి ద్వీపాల ఫైళ్లను రెండు మూడు నెలలకోసారి తుడిచి కొత్తగా పుట్టనివ్వడం. ఈ మూడూ చేసిన సర్వర్లలో ఈ గొడవ వినపడదు. బయటి ద్వీపాల్లో షల్కర్ ఫామ్ కట్టుకున్నవారికి ముందే చెప్పకపోతే మాత్రం కొత్త గొడవ మొదలవుతుంది.

పోరు, పింగ్, ఫోన్

పీవీపీ (ఆటగాళ్ల మధ్య పోరు) ఇష్టపడినవారి మధ్యే అన్నది తేలిక రూల్. చిక్కు పడిపోయిన సామానుతో. చనిపోయినవాడి వస్తువులు ఐదు నిమిషాలు నేల మీద ఉంటాయి, ఆ గడియారం ఆ చంక్ లోడ్ అయి ఉన్నప్పుడే నడుస్తుంది. దూరంగా చనిపోయి మళ్లీ పుట్టినవాడికి అందుకే తరచు సామాను దొరుకుతుంది. దగ్గర్లో ఇంకొకరు తచ్చాడుతుంటే గడియారం నడిచి మాయమవుతుంది. 'వాడే తీశాడు' అనే ముందు పికప్ లాగ్ చూడాలి.

పోరు మధ్యలో డిస్‌కనెక్ట్ అయితే చంపేసే ప్లగిన్లు ఉన్నాయి, సాధారణంగా దెబ్బ తగిలిన 15 సెకన్ల లోపు వెళ్లిపోతే. కరెంటు పోయే ఊళ్లలో ఆడేవారికి ఇది కఠినం. ఒకసారి జరిగితే వదిలేసి, నెలలో మూడోసారి ఓడిపోయే క్షణంలోనే జరిగితే లెక్కలోకి తీసుకోవడం మేలు.

2016లో 1.9 వచ్చినప్పటి నుంచి కత్తికి మళ్లీ బలం పుంజుకునే వ్యవధి ఉంది, కొట్టే దూరం మూడు బ్లాక్‌లు. అయినా పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే సమయం) తేడా పోదు. డల్లాస్‌లో అన్నయ్య, వరంగల్‌లో తమ్ముడు ఒకే సర్వర్‌లో ఆడితే సర్వర్ ముంబైలో ఉన్నా అమెరికాలో ఉన్నా ఒకరు 200 మిల్లీసెకన్ల అవతలే ఉంటారు. అలాంటి చోట కిల్ ర్యాంకులు పెట్టడం అర్థం లేని పని. మోసాలు పట్టే యాంటీచీట్ ప్లగిన్ తనంతట తానే బ్యాన్ చేసేలా పెట్టడం ఇంకా చెడ్డది, పింగ్ ఎగసినప్పుడు ఆటగాడు గాల్లో ఆగినట్టు, మూడు బ్లాక్‌ల అవతల నుంచి కొట్టినట్టు కనిపిస్తాడు. హెచ్చరిక అడ్మిన్‌కు రావాలి, తీర్పు మనిషి ఇవ్వాలి. గైసర్ ప్లగిన్ ద్వారా ఫోన్ నుంచి బెడ్‌రాక్‌లో (ఫోన్లలో నడిచే ఆట వెర్షన్) వచ్చేవారిని పేరు ముందు దాని తోడు ప్లగిన్ ఫ్లడ్‌గేట్ పెట్టే చుక్కతో గుర్తుపట్టవచ్చు. వారి కదలికలు వేరుగా ఉంటాయి కాబట్టి కొన్ని తనిఖీలను వారికి సడలించాలి.

ఎవరిని, ఎలా బ్యాన్ చేయాలి

సర్వర్ ప్రాపర్టీస్‌లో ఆన్‌లైన్ మోడ్ (ఖాతా అసలుదో కాదో చూసే తనిఖీ) ఆఫ్ చేసి క్రాక్డ్ (ఆట కొననివారు వాడే) లాంచర్లకు తలుపు తెరిస్తే బ్యాన్ అన్న మాటకే అర్థం పోతుంది. కొత్త పేరు పెట్టుకుని మరుసటి నిమిషం వస్తాడు. అంతకంటే ప్రమాదం, అడ్మిన్ పేరు పెట్టుకుని ఎవరైనా రావచ్చు. పాస్‌వర్డ్ అడిగే ప్లగిన్ లేకుండా అలా నడపడం సర్వర్‌ను రోడ్డు మీద వదిలేయడమే. ఆన్‌లైన్ మోడ్‌లో బ్యాన్ యూయూఐడీ (ఖాతాకు ఉండే మారని గుర్తింపు సంఖ్య) మీద పడుతుంది, పేరు మార్చుకున్నా తప్పించుకోలేడు.

ఐపీ బ్యాన్ మన దగ్గర దాదాపు ఎప్పుడూ తప్పే. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది పంచుకుంటారు, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే అది మారిపోతుంది. దొంగ తప్పించుకుంటాడు, అదే టవర్ కింద ఉన్న వేరేవాడు బయట ఉండిపోతాడు. ఒకే ఇంటి అన్నదమ్ములను ఆల్ట్ (ఒకరే నడిపే రెండో) ఖాతాలని బ్యాన్ చేయడమూ ఇలాంటిదే. ఒకే ఐపీ నుంచి ఎవరెవరు ఆడతారో చేరేటప్పుడే చెప్పమంటే చాలు.

చాట్‌లో బూతు ఫిల్టర్ ఇంగ్లిష్ మాటలకు తయారైంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు తిట్టుకు స్పెల్లింగ్ మనిషికొకటి, ఫిల్టర్‌కు అందదు. తెలుగు తెలిసిన మోడరేటర్ ఒకరు ఉండడం తప్ప దారి లేదు. 2022 జూలైలో వచ్చిన 1.19.1 నుంచి ఆటగాళ్లు చాట్ సందేశాలను నేరుగా మైక్రోసాఫ్ట్‌కు రిపోర్ట్ చేయవచ్చు, అక్కడ బ్యాన్ పడితే ఏ ఆన్‌లైన్ సర్వర్‌లోకీ వెళ్లలేరు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి. డబ్బు తీసుకుని కత్తులు, కవచాలు అమ్మడం అన్యాయమే కాదు, 2014 ఆగస్టు 1 నుంచి మోజాంగ్ నిబంధనలకే విరుద్ధం. చేరేందుకు రుసుము, అలంకారాలు మాత్రం అమ్ముకోవచ్చు.

శిక్ష పోయిన గంటలతో తూగాలి. మొదటిసారి దొంగతనానికి వస్తువు వాపసు, మూడు రోజుల బ్యాన్. బేస్ కూల్చితే నెల. ఎక్స్‌రేకు తవ్విందంతా జప్తు, ఎందుకంటే బ్యాన్ ముగిసి వచ్చినవాడు అదే నెదరైట్ తొడుక్కుని తిరిగితే చూసేవారికి పాఠం తిరగబడుతుంది. డూప్ చేసిన సొత్తు ఇతరులకు అమ్మి ఉంటే కొన్నవారి తప్పు లేదు, వారి నుంచి లాక్కోవాలంటే వారిచ్చిన వజ్రాలు వెనక్కి ఇప్పించాలి.

మొత్తం ఊరు తగలబడిన రోజున బ్యాకప్ దిక్కు. అప్పుడు కూడా ప్రపంచమంతా వెనక్కి తిప్పనక్కర్లేదు. ఒక్కో రీజియన్ ఫైల్‌లో 512 బై 512 బ్లాక్‌లు ఉంటాయి. ఎక్స్ 1300, జెడ్ మైనస్ 700 దగ్గరి బేస్ కావాలంటే రెండింటినీ 512తో భాగించి కింది పూర్ణాంకం తీసుకోవాలి, 2, మైనస్ 2. సర్వర్ ఆపి, ఆ అంకెలున్న ఫైల్‌ను రీజియన్ ఫోల్డర్‌తో పాటు ఎంటిటీస్, పీఓఐ ఫోల్డర్ల నుంచి కూడా మార్చాలి. 1.17 నుంచి జీవులు విడి ఫైళ్లలో ఉంటాయి, వాటిని మరిస్తే గోడలు తిరిగొస్తాయి గానీ విలేజర్లు రారు. బేస్ హద్దు మీద ఉంటే పక్క ఫైల్ కూడా చూసుకోవాలి.

చివరి చిక్కు అడ్మినే. కంచే చేను మేస్తే అడిగేదెవరు? అడ్మిన్‌కు ఆడే ఖాతా వేరు, పనిచేసే ఖాతా వేరు ఉండాలి. ఆడే ఖాతాకు ఆపరేటర్ హక్కు ఇవ్వకూడదు. టెలిపోర్ట్, గేమ్‌మోడ్ మార్పు, గివ్ కమాండ్‌లు ప్రతిదీ సర్వర్ లాగ్‌లో పడతాయి. హక్కుల మార్పులను లక్‌పర్మ్స్ అనే హక్కుల ప్లగిన్ తన సొంత లాగ్‌లో రాసుకుంటుంది. వారానికోసారి ఆ వరుసలను రూల్స్ పెట్టిన చోటే అందరికీ కనిపించేలా అతికిస్తే, రాత్రి రెండు గంటలకు స్పెక్టేటర్ మోడ్‌లో పక్కవాడి బేస్ చూసొచ్చిన అడ్మిన్ ఎందుకెళ్లాడో మరునాడు తనే చెప్పుకోవాల్సి వస్తుంది.